పుట్టకొక్కు చెట్టా, జంతువా, ఇంకేమన్ననా? బిడ్డ అడిగిన ప్రశ్న

చెల్క_దేవరకొండ
అందరికి నమస్తె. మాది దేవరకొండ దిక్కు. మొన్న రెండు వానలు గట్టిగ పడ్డయ్ గదా, మూడో నాడు పొద్దుగాల చెల్క ఒడ్డు పొంటి పుట్టకొక్కులు, గదే పుట్టగొడుగులు, లేసినయ్, ఒక్క జాగలనే ముప్పై నలభై దాక ఉన్నయ్, గొడుగు ఇంక విచ్చుకోలే, మొన తేలిన తలకాయ ఒక్కటే మట్టిల కెల్లి బయటికి పెట్టినయ్. నా బిడ్డ ఎనిమిదో తరగతి, నాతోటి వచ్చింది. ఒకదాన్ని గుంజితె తెగింది. చుట్టు మన్ను తీసి చూస్తె కాడ సన్నగైకుంట లోపలికి పోతనే ఉన్నది, జానెడు తవ్వినా కొస దొరకలే. "నాయినా ఇది వేరా? వేరైతె ఇది చెట్టు. మరి ఆకు ఏది, పచ్చగ ఎందుకు లేదు" అని అడిగింది. నేను ఏం చెప్పాలె? మా అమ్మనేమో ఉరుములకు లేస్తయ్ బిడ్డా అన్నది. అసలు ఇవి పుట్టల కాన్నే ఎందుకు లేస్తయ్, నాలుగు అడుగుల అవతల ఎందుకు లేవయ్, తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుర్రి, బిడ్డకు చదివి వినిపిస్త.

పాలమూరు_బాటనీ
బిడ్డకు నా దిక్కు నుంచి శభాష్ చెప్పు తమ్మీ. ముప్పై ఏండ్లు డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పి రిటైరైన, కాడ పట్టుకొని తవ్వి చూసి అడిగిన పిల్లలు నాకు చానా తక్కువ మంది దొరికిన్రు.

అది చెట్టు కాదు. జంతువు సుత కాదు. శిలీంధ్రాలు అని వేరే రాజ్యం. ఇదివరకు వీటిని మొక్కల్లోనే కలిపి చెప్పేది, 1969లో విట్టేకర్ అనే ఆయన ఐదు రాజ్యాల పద్ధతి పెట్టినంక వీటికి సొంత స్థానం వచ్చింది. మొక్కకు పత్రహరితం ఉంటది, ఎండ పట్టి తన బువ్వ తను వండుకుంటది. కొక్కుకు అది లేదు, అందుకే పచ్చగ లేదు. మొక్క కణం గోడ సెల్యులోజ్‌తోటి కడితె, దీని గోడ కైటిన్‌తోటి కడ్తది, రొయ్య పెంకుల ఎండ్రకాయ పెంకుల ఉండేది గదే. మిగిలిన తిండిని మొక్క పిండి రూపంల దాస్తది, ఇది గ్లైకోజెన్ రూపంల దాస్తది, మన కాలేయం దాసుకునేది గూడ గదే. జన్యువులు చూసినంక తేలిందేందంటె శిలీంధ్రాలు మొక్కల కంటె మనకే దగ్గరి చుట్టాలు.

ఇగ తినే పద్ధతి. మనం ముందు మింగి తర్వాత కడుపుల అరిగించుకుంటం. ఇది ముందు బయట్నే అరిగించి తర్వాత పీల్చుకుంటది. కట్టె మీదనో గడ్డి మీదనో పేడ మీదనో కూసొని ఎంజైములు బయటికి వదుల్తది, అవి ఆ పదార్థాన్ని కరిగిస్తయ్, ఆ కరిగిన రసాన్ని పోగులు పీలుస్తయ్. ఆ పోగులే అసలు శరీరం. వెంట్రుక కంటె ఎంతో సన్నగ ఉంటయ్, మట్టిల కట్టెల అల్లుకపోతయ్. ఆ అల్లికను మైసీలియం అంటరు. మీరు చూసిన గొడుగు మామిడి చెట్టుకు కాయ అసొంటిది, దాని పనల్లా బీజాలు రాల్చుడు. చెట్టు మొత్తం భూమిల ఉండి కాయ ఒక్కటే పైకి వస్తె ఎట్లుంటదో అట్ల అనుకొమ్మను బిడ్డను.

చెల్క_దేవరకొండ
సార్ చదివి వినిపించిన. రొయ్య పెంకు కాడ ఆగి మల్లోసారి చదవమన్నది. మరి ఆ కాడ సంగతి?

పాలమూరు_బాటనీ
అది వేరు కాదు, వేరులెక్క కనిపించే కాడనే. అది ఎక్కడికి పోతదో తెలిస్తె నువ్వు అడిగిన పుట్ట మాట ఎంత కరెక్టో తెలుస్తది. మనోళ్లు ఊకెనే పుట్టగొడుగు అనలే. పుట్ట మీద లేసే గొడుగు. మిగతా వాటన్నిటికి ఆ పేరు తర్వాత అంటుకున్నది.

పుట్ట లోపల చెదలు వ్యవసాయం చేస్తయ్. నిజంగ వ్యవసాయమే. మన దిక్కు ఒడొంటోటెర్మిస్ అనే చెదలు ఎక్కువ, అవి ఎండుగడ్డి, పుల్ల, ఆకు నమిలి తిని, సగం అరిగీ అరగక ముందే విసర్జించి, దానితోటి పుట్ట లోపల అరలు అరలుగ తుట్టె కడ్తయ్. ఆ తుట్టె మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం పెరుగుతది. కట్టెను గట్టిగ ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని చెదలు సొంతంగ అరిగించుకోలేవు, ఈ శిలీంధ్రం దాన్ని విరగ్గొట్టి మెత్తగ చేసి పెడ్తది. తుట్టె మీద సన్న రవ్వ అసొంటి తెల్ల గింజలు వస్తయ్, చెదలు అవి తింటయ్, ముదిరిన తుట్టెను సుత తింటయ్. శిలీంధ్రానికేమో ఇల్లు, తేమ, తిండి అన్ని చెదలే చూసుకుంటయ్. ఈ పొత్తు ఆఫ్రికాల దాదాపు 3 కోట్ల ఏండ్ల కింద మొదలైందని అంచనా. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి పన్నెండు వేల ఏండ్లు అయిందో లేదో.

వానలకు భూమి నానంగనె ఆ తుట్టె మీది నుంచి మొగ్గ లేసి, మట్టిని చీల్చుకుంట పైకి వచ్చి విచ్చుకుంటది. మీ బిడ్డ తవ్విన కాడ కింద ఆ తుట్టె మీదనే ఆగుతది. నాలుగు అడుగుల అవతల తుట్టె లేదు, అందుకే అక్కడ లేవదు. ఉరుము సంగతంటరా, గట్టి వాన వచ్చే రోజుల్లనే ఉరుములు వస్తయ్, తొలకరిల ఉసిళ్లు లేసేది సుత అప్పుడే. పని చేసేది నీళ్లు, గాలిల తేమ.

ఒక మాట, తవ్వి చూస్తమని పుట్టల చెయ్యి పెట్టనియ్యకుర్రి. పాత పుట్టలల్ల పాములు ఉంటయ్.

గడ్డి_బ్యాగులు_జడ్చర్ల
నేను ఐదేండ్ల సంది పుట్టగొడుగులు పెంచుతున్న, సార్ చెప్పిన దానికి ఒకటి కలుపుత. పుట్టకొక్కు రుచి వేరే దేనికి రాదు, గందుకే అందరు అదెందుకు పెంచవు అని అడుగుతరు. దానికి చెదలు కావాలె, పుట్ట కావాలె, రూముల పెట్టి వ్యాపారంలెక్క పండించుడు ఇప్పటిదాక కుదరలే. మేము పెంచేది ముత్యపు చిప్ప పుట్టగొడుగు చలికాలం, పాల పుట్టగొడుగు ఎండకాలం. పాలది మన వేడికి తట్టుకుంటది, 30 నుంచి 35 డిగ్రీలల్ల సుత వస్తది.

మైసీలియం కండ్లతోటి చూడాలంటె మా షెడ్డుకు రావాలె. వరిగడ్డిని రెండు ఇంచుల ముక్కలు కొట్టి, రాత్రంత నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెడ్తం. పిడికిల పట్టి పిసికితె చెయ్యి తడి కావాలె గని చుక్క కారొద్దు, గది లెక్క. బ్యాగుల ఒక పొర గడ్డి, ఒక పొర విత్తనం. విత్తనమంటె జొన్నల మీద పెంచిన పోగులే. చీకటి రూముల పెట్టినంక మూడో నాడు జొన్నగింజ చుట్టు దూది అంటినట్టు తెల్లగ లేస్తది, వారానికి ఒక గింజ పోగు ఇంకో గింజ పోగును అందుకుంటది, రెండు మూడు వారాలకు బ్యాగు మొత్తం తెల్లగ గట్టిగ అయి, పట్టుకుంటె ఇటుక లెక్క ఉంటది. వాసన పచ్చి బియ్యప్పిండి వాసన. పాల రకానికి దాని మీద మట్టి పరుస్తం, పది రోజులకు గుండు పిన్ను తలకాయలు వస్తయ్.

మాకు పెద్ద శత్రువు పచ్చ బూజు, ట్రైకోడెర్మా. ఒక బ్యాగుల పచ్చ మచ్చ కనబడితె వెంటనె బయటికి తీసి దూరంగ పాతిపెట్టాలె. పోయిన ఏడాది ఒకటి చూడకపోతె పక్కన నలభై బ్యాగులు పోయినయ్.

బత్తాయి_తోట_నల్లగొండ
అన్నా నువ్వు శత్రువు అంటున్నది నాకు తోట కాపాడే మందు. ట్రైకోడెర్మాను మాగిన పశువుల ఎరువుల, వేపపిండిల కలిపి, పైన నీళ్లు చల్లి గోనె కప్పి, వారం పది రోజులు పెంచి చెట్ల పాదులల్ల వేస్తం. అది వేరుకుళ్లు తెచ్చే బూజు పోగుల చుట్టు చుట్టుకొని దాన్నే తింటదట, వ్యవసాయ శాఖోళ్లు చెప్పిన్రు.

నాకు ఒక పెద్ద దెబ్బ తగిలింది, అది ఇక్కడ రాస్త. నాలుగేండ్ల కింద పది పన్నెండు చెట్లకు మొదలు కాడ బెరడు పగిలి బంక కారింది, ఆకులు పసుపు పడ్డయ్. మందుల దుకాణంల అడిగితె ఫంగస్ అని చెప్పి కార్బండజిమ్ ఇచ్చిన్రు. రెండు సార్లు పోసిన, ఏం ఆగలే, ఏడు చెట్లు పోయినయ్. తర్వాత తెలిసినాయన చెప్పిండు, బంక తెగులు తెచ్చే ఫైటాఫ్తొరా అసలు ఫంగసే కాదని, దానికి ఆ మందు పని చెయ్యదని. సార్ ఇది నిజమేనా? చూస్తె బూజులెక్కనె ఉంటది గదా.

పాలమూరు_బాటనీ
నిజమే, నువ్వు మంచి సంగతి ఎత్తినవ్. ఫైటాఫ్తొరా సుత పోగులు పోగులుగనే పెరుగుతది, బీజాలు వేస్తది, అందుకే వంద ఏండ్లకు పైనే శిలీంధ్రమనే చెప్పిన్రు. గని దాని కణం గోడల ముఖ్యంగ ఉండేది సెల్యులోజ్, కైటిన్ కాదు. ఊమైసీట్లు అని వేరే గుంపు, సముద్రంల ఉండే గోధుమ రంగు నాచుకు చుట్టాలు. సజ్జకు వచ్చే వెర్రి కంకి తెగులు, ద్రాక్షకు వచ్చే బూజు తెగులు ఈ గుంపువే. కార్బండజిమ్ అసలైన శిలీంధ్రాల కణం చీలకుంట ఆపుతది, ఊమైసీట్ల మీద అది పట్టదు. వాటికి మెటలాక్సిల్, ఫొసిటైల్ అల్యూమినియం అసొంటివి వేరే ఉన్నయ్. అదే బత్తాయికి వచ్చే ఎండుకుళ్లు మాత్రం ఫ్యుసేరియం తెచ్చేది, అది అసలు శిలీంధ్రమే. చెట్టు ఎండుడు రెండింటికి ఒక్క తీరుగనె కనబడ్తది, లోపల శత్రువు వేరు. అందుకే పేరు పెట్టుడు పుస్తకాల పని మాత్రమే అనుకోవద్దు, నీ ఏడు చెట్లు దానికి సాక్ష్యం.

మొదలుకు నీళ్లు తాకకుంట రెండు కట్టల పాదు చెయ్, అంటు కట్టిన జాగ మట్టిల పూడకుంట చూడు, బోర్డో పేస్టు పుయ్యి. కొత్త మొక్కలు తెచ్చేటప్పుడు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినవా అని అడుగు. మోతాదులు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంల అడిగి వెయ్, ఇక్కడ రాసినవి చూసి కొట్టకు.

వనపర్తి_పల్లి
మా దిక్కు యాసంగిల అంతా పల్లికాయనే. నేను కాయ కొంట అమ్ముత. బూజు అంటె మాకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పసుపు పచ్చ పొడి లెక్క గింజ మీద ఉంటది, వేలితోటి రాస్తె అంటుతది. అది అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తది. 1960ల ఇంగ్లండ్‌ల లక్షకు పైన టర్కీ కోళ్లు సచ్చిపోతె, బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లిచెక్క దాణాల ఈ విషం బయటపడ్డది. మన దేశంల 1974ల రాజస్థాన్, గుజరాత్ పల్లెలల్ల బూజు పట్టిన మక్కలు తిని వంద మందికి పైన కాలేయం చెడి చనిపోయిన్రు, దాని మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే పరిశోధన చేసిన్రు.

రైతులు అనుకునేది గోదాముల పట్టిందని. కాదు, సగం పొలంలనె పడ్తది. కాయ ఊరే టైంల నీళ్లు తక్కువైతె, చెదలు కాయను కొరికితె, ఆ సందుల కెల్లి బూజు పోతది. తర్వాత పచ్చి కాయ కుప్ప పెడితె ఇగ చెప్పేది లేదు. కాయను ఊపితె లోపల గింజ గలగల అనాలె, తేమ 8 శాతం దాటొద్దు. ముడుతలు పడ్డయి, రంగు మారినయి, పొట్టు ఊడినయి ఏరి పారెయ్యాలె. ఏంచితె పోతదని చానా మంది అనుకుంటరు, ఆ విషం మామూలు వేడికి పూర్తిగ పోదు. నూనె పట్టిస్తె ఎక్కువ చెక్కల ఉండిపోతది, ఆ చెక్క బర్రెకు పెడితె పాలల్లకు వస్తది. మా ఇంట్ల పిల్లలకు పల్లిపట్టి చేసే రోజు మా అమ్మ గింజ గింజ చాటల పోసి ఏరుతది. నేను వ్యాపారం చేస్త కాబట్టి చెప్తున్న, అమ్మేటి కాయను గూడ గట్లనె చూడాలె.

లొట్టి_మునుగోడు
మా నాయిన గీత కార్మికుడు. కల్లుల ఉండేది గూడ శిలీంధ్రమే అని మా మేనల్లుడు అంటుండు, ఈస్ట్ అట. నిజమేనా? అది పోగులు లేవు గొడుగు లేదు, ఎట్ల?

పాలమూరు_బాటనీ
నిజమే. ఈస్ట్ ఒంటి కణం శిలీంధ్రం. 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటది, అంటె మిల్లీమీటర్‌ను వెయ్యి ముక్కలు చేస్తె అందుల ఐదో పదో. పక్కకు మొగ్గ వేసి, ఆ మొగ్గ తెగి ఇంకో ఈస్ట్ అయితది. చెక్కెర తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదుల్తది, లొట్టిల బుసబుస నురుగు ఆ గ్యాసే. తాటి గెల కోసిన కాడ కారేది తియ్యటి నీరా, అది పాత లొట్టిల పడంగనె లొట్టి గోడకు అంటుకొని ఉన్న ఈస్ట్, బాక్టీరియా రెండు పని మొదలు పెడ్తయ్. మీ నాయిన నీరా కావాలంటె లొట్టి లోపల సున్నం పూస్తడు గదా, ఆ సున్నానికి అవి పెరగవు. మధ్యాహ్నం అయ్యేవరకు పులుపు ఎక్కుడు మాత్రం బాక్టీరియా పని. 1996ల మొత్తం జన్యుపటం చదివిన మొదటి కేంద్రకం ఉన్న జీవి ఈ ఈస్టే, దాదాపు 6000 జన్యువులు.

లొట్టి_మునుగోడు
మా నాయినకు చదివి చెప్పిన సార్. "కొత్త లొట్టి పెడితె మొదటి రెండు రోజులు కల్లు సరిగ పొంగదు, పాత లొట్టి కడిగిన నీళ్లు దాంట్ల తిప్పి పోస్తం" అన్నడు. తాతల కాలం సంది గట్లనె చేస్తున్నరట.

పాలమూరు_బాటనీ
మీ నాయిన చేసేది ల్యాబుల మేము చేసే ఇనాక్యులేషనే. విత్తనం వేసుడు. మీ నాయినకు నా నమస్కారం చెప్పు.

అచ్చంపేట_రాళ్లు
నాది ఒక డౌటు. మా కాడ గుట్టల మీద బండలకు బూడిద రంగు, పసుపు రంగు మచ్చలు ముగ్గు వేసినట్టు ఉంటయ్, గోకితె పొడి రాలుతది. అది రాతిపువ్వు, మసాలాల వేసేదే అంటరు. అది బూజా?

పాలమూరు_బాటనీ
అది లైకెన్. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి కాపురం. నాచు ఎండల బువ్వ వండుతది, శిలీంధ్రం ఇల్లు కట్టి నీళ్లు పట్టి పెడ్తది. 1860లల్ల ష్వెండెనర్ అనే స్విట్జర్లాండ్ ఆయన ఇది రెండు జీవాలు అని చెప్తె అప్పటి పండితులు ఒప్పుకోలే. బండకు అతుక్కపోయినయి చానా జాతులు ఏడాదికి మిల్లీమీటరో, ఇంక తక్కువనో పెరుగుతయ్. అరచెయ్యంత మచ్చ ఉంటె అది మీ తాత పుట్టక ముందు సంది అక్కడ ఉండొచ్చు, గోకకుర్రి. మసాలా రాతిపువ్వు గూడ లైకెనే, గని అది ఆకులెక్క అంచులు లేసి ఉండే వేరే రకం, అన్ని తినేటివి కావు.

ల్యాబక్క_మహబూబ్‌నగర్
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. తామర, శోభి మచ్చలు, నెత్తి మీది చుండ్రు వీటన్నిటి వెనక శిలీంధ్రాలే ఉంటయి. గజ్జి మాత్రం కాదు, అది సన్న పురుగు. తామరకు డాక్టర్‌ను అడగకుండ దుకాణంల ట్యూబు కొని పూసుకోకండి. చాలా వాటిల్లో స్టిరాయిడ్ కలిపి ఉంటది, రెండు రోజులు దురద తగ్గుతది, కింద తామర పరుచుకుంటది. గోకి తెచ్చిన పొక్కును పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కల పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తె, చర్మం కరిగిపోయి పోగులు మాత్రం గాజు తీగల లెక్క మెరుస్తూ కనిపిస్తయి. గోడ కైటిన్‌ది కదా, అది కరగదు. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు కుర్చీల నుంచి లేవలేదు.

2021ల బ్లాక్ ఫంగస్ అని అందరు భయపడ్డది మ్యూకోరేల్స్ అనే గుంపు బూజులు, ఎక్కువగ రైజోపస్ జాతులు. రొట్టె మీద వచ్చే బూజుకు దగ్గరివే. ఆ బూజు నల్లగ ఉండదు, అది రక్తనాళాలు మూసేస్తె చచ్చిపోయిన కండ నల్లగ అవుతది. షుగర్ ఎక్కువ ఉన్నోళ్లు, స్టిరాయిడ్లు వాడినోళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డరు. సార్ చెప్పినట్టు ఇవి మనకు దగ్గరి చుట్టాలు, అందుకే మనను వదిలి వాటిని ఒక్కటే చంపే మందు దొరకుడు కష్టం. వాటి కణం పొరల ఎర్గోస్టెరాల్ ఉంటది, మనకు కొలెస్ట్రాల్, చాలా మందులు ఆ తేడాను పట్టుకొనే పనిచేస్తయి.

వనపర్తి_పల్లి
మంచి మందులు గూడ బూజు నుంచే వచ్చినయ్ గదా అక్కా. పెన్సిలిన్, మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆరియోమైసిన్.

పాలమూరు_బాటనీ
పెన్సిలిన్ కరెక్టు, 1928ల ఫ్లెమింగ్ చూసిన పెనిసిలియం బూజు. ఆరియోమైసిన్ 1948ల సుబ్బారావు గారి బృందంల డగ్గర్ తీసింది స్ట్రెప్టోమైసిస్ నుంచి, అది పోగులెక్క పెరిగే బాక్టీరియా, శిలీంధ్రం కాదు. గని ఒక శిలీంధ్రానికి మనాయన పేరు ఉన్నది, చానా మందికి తెల్వదు. 1953ల హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టిండు. పిల్లలకు చెప్పుర్రి.

అచ్చంపేట_రాళ్లు
మొత్తం ఎన్ని రకాలు ఉంటయ్ సార్?

పాలమూరు_బాటనీ
పేరు పెట్టినయి లక్షన్నర దాక. అసలు ఉన్నయి 22 లక్షల నుంచి 38 లక్షలు అని 2017ల ఒక అంచనా వచ్చింది. అంటె నూటికి తొంభైకి పైన ఇంక పేరు లేదు. మన చెల్క మట్టిల కెల్లి ఒక చెంచా తీసినా పేరు లేనియి ఉంటయ్. అందుల మొక్కల వేర్లల్ల ఉండే మైకోరైజా ఒక్కటి చెప్త, భూమి మీద నూటికి ఎనభై దాక మొక్కలు వీటితోటి పొత్తుల ఉన్నయ్, ఇవి భాస్వరం తెచ్చి ఇస్తయ్, చెట్టు చెక్కెర ఇస్తది. ఆవాలు, క్యాబేజీ కుటుంబం అసొంటివి కొన్ని మాత్రం ఈ పొత్తు పెట్టుకోవు.

చెల్క_దేవరకొండ
ఇంకోటి అడగాలె. మా అమ్మ పురుగు పట్టిన కొక్కు తినొచ్చు అంటది, పక్కింటోళ్లు వెండి ఉంగరం వేసి వండితె నల్లగ కాకపోతె మంచిది అంటరు.

గడ్డి_బ్యాగులు_జడ్చర్ల
అన్నా చేతులు జోడించి చెప్తున్న, రెండు తప్పే. విషం ఉన్నదాన్ని సుత పురుగులు తింటయ్. వెండి నల్లగ అయ్యేది గంధకానికి, విషానికి కాదు. అమానిటా జాతులల్ల కొన్నింటి విషం ఉడికినా పోదు, తిన్న ఆరు గంటల నుంచి పన్నెండు గంటలకు వాంతులు మొదలయి, మధ్యల ఒక రోజు తగ్గినట్టు అనిపించి, తర్వాత కాలేయం పోతది. మా చిన్నమ్మ ఒకసారి ఇంటి ముందట గడ్డిల లేసిన తెల్లయి వండింది, రెండు గంటలల్ల ఇంట్ల నలుగురికి వాంతులు. మిగిలిన గొడుగు కింద చూస్తె రెక్కలు లేత పచ్చగ తిరిగినయ్, దాన్ని క్లోరోఫిల్లమ్ అంటరు, చూసెటందుకు పుట్టకొక్కు లెక్కనె ఉంటది. నలుగురు బతికిన్రు. పుట్ట మీద లేసింది, కాడ లోపలికి పోయింది, మీ ఇంట్ల పెద్దోళ్లు ఏండ్ల సంది తెంపేది అదే జాగల ఉంటెనే తెంపుర్రి. ఒక్క గుర్తు తేడా ఉన్నా విడిచిపెట్టుర్రి.

బీజాల ముద్ర తీసి చూపియ్యి బిడ్డకు. గొడుగు కోసి రెక్కలు కిందికి పెట్టి తెల్ల కాయితం మీద పెట్టి గిన్నె బోర్లించు, తెల్లారేసరికి పొడి రాలుతది. పుట్టకొక్కుది లేత గులాబీ, క్లోరోఫిల్లమ్‌ది పచ్చ. అయితె అది చూసి తినేది నిర్ణయించకు, అమానిటాది తెల్లగ ఉంటది, లేత రంగులు కండ్లకు తేడా తెల్వదు.

చెల్క_దేవరకొండ
ఇయ్యాల అప్‌డేట్. ఒడ్డు చదును చేపిద్దామని పోయిన వారమే జేసీబీ మాట్లాడిన, పొద్దుగాల వచ్చింది, పుట్ట సగం దాక కోసుకపోయింది. బిడ్డ దూరంగ నిలబడ్డది, పామేమన్న ఉందేమో అని కట్టెతోటి కొట్టి చూసి అప్పుడు పిలిచిన. మట్టిల గుమ్మడికాయంత ఖాళీ, అందుల గోధుమ రంగు తుట్టె, తడిపిన స్పాంజి లెక్క మడతలు మడతలుగ, ముట్టుకుంటె వెచ్చగ ఉన్నది. మీద తెల్ల గింజలు ఉప్మా రవ్వ చల్లినట్టు. చెదలు ఆ గింజలు నోట పట్టుకొని సందులల్లకు ఉరుకుతున్నయ్. తుట్టె మీద ఒక జాగల సన్నటి కాడ మొదలు తెల్లగ కనిపించింది, మొన్న మేము తెంపింది దానిదే అనిపిస్తున్నది.

బిడ్డ డ్రైవర్ అన్నను బతిమాలి ఆపింది. మిగిలిన సగం పుట్ట అట్లనె విడిచిపెట్టి ఒడ్డు కొంచెం వంకరగ మలిపినం. తుట్టె ముక్క ఉన్న జాగల మన్ను కప్పి వచ్చినం. రాత్రి కాయితం మీద పెట్టిన గొడుగు పొద్దుగాల తీస్తె లేత గులాబీ రంగు గీతలు చక్రం తీరుగ పడ్డయ్, అది బడికి తీసుకపోయింది.